చవక వైద్యం కోసం దేశం దాటేముందు

వేసవి సెలవుల్లోను, క్రిస్మస్ రోజుల్లోను మా ఓ.పి.లో ఒక మాట తరచుగా వినబడుతుంది. "డాక్టరుగారూ, మూడు వారాలే సెలవు. ఈలోగా అన్నీ చేసేయండి." కువైట్‌లోను, దుబాయిలోను పని చేస్తున్న మన కుటుంబాలవారు పళ్లు, హెర్నియా, పిత్తాశయంలో రాళ్లు వంటి వాటికి ఇక్కడే ఆపరేషన్ చేయించుకోవాలని వస్తారు. అమెరికాలో స్థిరపడినవారు పళ్లు కట్టించుకోవడానికో, పూర్తి చెకప్ చేయించుకోవడానికో, మోకాలి కీలు మార్పించుకోవడానికో వస్తారు. కారణం అందరికీ తెలిసిందే. అక్కడ అయ్యే ఖర్చుతో పోలిస్తే ఇక్కడ అయ్యేది చాలా తక్కువ.

ఇలా రావడంలో తప్పేమీ లేదు. చాలామందికి మేలు కూడా జరుగుతోంది. అయితే ఏర్పాట్లు సరిగా చేసుకోక నష్టపోయేవారూ ఉన్నారు. అందుకే ఈ సంచికలో, తక్కువ ఖర్చుతో వైద్యం కోసం ఒక దేశం నుంచి మరో దేశానికి వెళ్లడం గురించి వివరంగా చెబుతున్నాము. మేము చెప్పదలచుకున్నది ముఖ్యంగా ఒక్క మాట. ఆస్పత్రివారు చెప్పే ధర ఆపరేషన్ బల్ల మీద గడిచే రెండు మూడు గంటలకు, ఆ తర్వాత వార్డులో ఉండే నాలుగైదు రోజులకు మాత్రమే. వైద్యం దానికి ఎన్నో వారాల ముందే మొదలవుతుంది, ఎన్నో నెలల తర్వాత గాని ముగియదు. ఆ ముందు, ఆ తర్వాత ఎక్కడ జరుగుతాయి, ఎవరు చూస్తారు అన్నది తేల్చుకోకుండా టిక్కెట్టు కొనకూడదు.

ఇది ఎలా మొదలైంది?

మంచి వైద్యం కోసం దూరాలు వెళ్లడం పాతకాలం నుంచీ ఉన్నదే. ఒకప్పుడు డబ్బున్నవారు పేద దేశాల నుంచి లండన్‌కు, న్యూయార్క్‌కు వెళ్లేవారు. గత ముప్పై ఏళ్లలో ఈ ప్రయాణం అటు నుంచి ఇటు కూడా సాగుతోంది.

1997లో థాయ్‌లాండ్ కరెన్సీ బాగా పడిపోయింది. అక్కడి ప్రైవేటు ఆస్పత్రులకు స్థానిక రోగులు తగ్గిపోయారు. 1980లో బ్యాంకాక్‌లో స్థాపించిన బుమ్రున్‌గ్రాడ్ ఆస్పత్రి అప్పుడు విదేశీ రోగులను ఆహ్వానించడం మొదలుపెట్టింది. 2002లో జె.సి.ఐ. అనే అంతర్జాతీయ నాణ్యతా గుర్తింపు పొందింది. ఆసియాలో ఆ గుర్తింపు పొందిన మొదటి ఆస్పత్రి అదే.

అమెరికా సరిహద్దుకు ఆనుకొని మెక్సికోలో లాస్ ఆల్గొడొనెస్ అనే చిన్న ఊరుంది. జనాభా కొన్ని వేలే అయినా పంటి డాక్టర్లు వందల సంఖ్యలో ఉన్నారు. అమెరికాలోని వృద్ధులు కారులో వచ్చి, సరిహద్దు నడిచి దాటి, పళ్లు కట్టించుకొని సాయంత్రానికి తిరిగి వెళ్లిపోతారు. యూరప్‌లో ఆస్ట్రియావారు పంటి వైద్యానికి హంగేరీలోని షోప్రోన్ పట్టణానికి వెళతారు.

మన దేశం విషయానికొస్తే, 2004లో అమెరికాలోని ఉత్తర కరోలినా రాష్ట్రం నుంచి ఒక వడ్రంగి కాంట్రాక్టరు గుండె కవాటం ఆపరేషన్ కోసం ఢిల్లీ వచ్చారు. ఆయనకు ఇన్సూరెన్సు లేదు. స్వదేశంలో దాదాపు రెండు లక్షల డాలర్లవుతుందని చెప్పారు. ఢిల్లీలో రానుపోను ఖర్చులతో కలిపి దాదాపు పదివేల డాలర్లతో పని పూర్తయింది. 2006లో ఆ కుటుంబం అమెరికా సెనేట్ కమిటీ ముందు ఈ సంగతి వివరించింది. దాంతో ఈ విషయం ఇంకా ఎక్కువమందికి తెలిసింది. 2005లో మన ప్రభుత్వం వైద్యం కోసం వచ్చే విదేశీయులకు ప్రత్యేకంగా మెడికల్ వీసా ప్రవేశపెట్టింది. నేడు హైదరాబాదు ఆస్పత్రులలో సూడాన్, సోమాలియా, ఇరాక్, ఒమాన్ దేశాల రోగులను చూడడం మామూలైపోయింది. వెల్లూరులోని సి.ఎం.సి. ఆస్పత్రికి బంగ్లాదేశ్ నుంచి ఎన్నో ఏళ్లుగా రోగులు వస్తున్నారు.

ధరలో ఇంత తేడా ఎందుకు?

"అంత చవకగా ఎలా చేస్తారు? ఏదో లోపం ఉంటుంది" అని కొందరు అనుమానిస్తారు. అలా అనుకోనక్కరలేదు. తేడాకు తగిన కారణాలున్నాయి.

మొదటిది జీతాలు. ఆస్పత్రి ఖర్చులో పెద్ద భాగం నర్సులు, టెక్నీషియన్లు, డాక్టర్లు, ఇతర సిబ్బంది జీతాలే. అవి దేశాన్ని బట్టి మారతాయి. రెండోది, అమెరికాలో ఇన్సూరెన్సు కంపెనీలతో జరిపే లెక్కలకు, కాగితాల పనికి అయ్యే ఖర్చు. దానితోపాటు కోర్టు దావాల భయంతో డాక్టర్లు కట్టే బీమా కూడా ఉంటుంది. ఇవన్నీ చివరికి రోగి బిల్లులోకే చేరతాయి. మూడోది సంఖ్య. రోజుకు ఎక్కువ ఆపరేషన్లు జరిగేచోట ఒక్కొక్కదాని ఖర్చు తగ్గుతుంది, చేసేవారి చెయ్యి కూడా తిరుగుతుంది. 1976లో డాక్టర్ జి. వెంకటస్వామిగారు మదురైలో పదకొండు పడకలతో మొదలుపెట్టిన అరవింద్ కంటి ఆస్పత్రి ఈ పద్ధతికి పేరు పొందింది. కంటిలో అమర్చే లెన్సులను బయట నుంచి కొంటే ఖర్చు ఎక్కువవుతున్నదని, 1992లో అరోల్యాబ్ పేరుతో అక్కడే తయారీ కూడా ప్రారంభించారు.

నాలుగోది ప్రభుత్వ నియంత్రణ. 2017 ఫిబ్రవరిలో మన ప్రభుత్వం గుండె రక్తనాళాల్లో వేసే స్టెంట్లకు గరిష్ఠ ధర నిర్ణయించింది. మందు పూసిన స్టెంటు ధర అప్పుడు 30 వేల రూపాయల లోపుకు దిగింది. అదే ఏడాది ఆగస్టులో మోకాలి కీళ్లకు కూడా ధర నిర్ణయించారు. ఎక్కువగా వాడే రకానికి, పన్ను కాక, 54,720 రూపాయలుగా పెట్టారు.

కాబట్టి ధర తక్కువ అయినంత మాత్రాన వైద్యం నాసిరకమని అర్థం కాదు. అలాగే లాబీలో పాలరాయి, గదిలో పెద్ద టి.వి. ఉన్నంత మాత్రాన అక్కడి వైద్యం మంచిదని కూడా అర్థం కాదు. ఈ రెండు మాటలూ గుర్తుంచుకోవాలి.

అన్నిటికంటే పెద్ద ప్రమాదం: సెలవు వచ్చేదాకా ఆగడం

ఇప్పుడు "ముందు" గురించి చెబుతాము. ఖర్చుకు భయపడి విదేశాల్లో డాక్టరుకు చూపించుకోకుండా, "ఇంటికి వెళ్లాక చూపించుకుందాంలే" అని నెలల తరబడి ఆగేవారు మనలో చాలామంది ఉన్నారు. ముఖ్యంగా గోదావరి జిల్లాల నుంచి, కడప నుంచి ఇళ్లలో పని చేయడానికి వెళ్లిన అక్కచెల్లెళ్లు, కరీంనగర్, నిజామాబాద్ ప్రాంతాల నుంచి కూలి పనులకు వెళ్లిన సోదరులు ఇలా చేస్తుంటారు. రెండేళ్లకు ఒకసారి వచ్చే సెలవు కోసం నొప్పిని భరిస్తారు. ఇంటికి పంపే డబ్బు తగ్గకూడదన్నది వారి ఆలోచన.

హెర్నియా, పంటి పుచ్చు, శుక్లం వంటివి సాధారణంగా కొంతకాలం ఆగుతాయి. కొన్ని మాత్రం ఆగవు. ఈ కింది లక్షణాలలో ఏ ఒక్కటి ఉన్నా సెలవు కోసం, టిక్కెట్టు కోసం చూడకూడదు. ఎక్కడ ఉంటే అక్కడే వెంటనే చూపించుకోవాలి.

- ఛాతీలో బరువుగా, బిగించినట్టుగా నొప్పి. అది చేతికి, దవడకు పాకడం, చెమటలు పట్టడం.
- ఒక పక్క చెయ్యి, కాలు పట్టు తప్పడం, మాట తడబడడం, మూతి వంకర పోవడం.
- రొమ్ములోనో, మెడలోనో, మరెక్కడైనానో కొత్తగా కనిపించిన గడ్డ.
- మలంలో, మూత్రంలో రక్తం. నెలసరి ఆగిపోయిన తర్వాత మళ్లీ రక్తస్రావం.
- కారణం లేకుండా బరువు తగ్గడం, రెండు మూడు వారాలకు మించి దగ్గు.
- జ్వరంతో కూడిన కడుపునొప్పి, పచ్చకామెర్లు.

రొమ్ములో చిన్న గడ్డను కనిపించిన నెలలోనే చూపించుకుంటే ఒక చిన్న ఆపరేషన్‌తో పోవచ్చు. పద్దెనిమిది నెలలు ఆగి వస్తే చంకలో గ్రంథులకు పాకి ఉండవచ్చు. అప్పుడు చవక వైద్యం అనే మాటకే అర్థం ఉండదు. మీ ఇంటివారు ఎవరైనా బయట దేశంలో ఉంటే ఫోనులో డబ్బు సంగతితోపాటు ఒంటి సంగతి కూడా అడగండి. "బాగానే ఉన్నాను" అన్న జవాబుతో ఊరుకోవద్దు.

ఏ వైద్యానికి ప్రయాణం సరిపోతుంది?

ఒకసారి చేస్తే అయిపోయేది, ముందుగా తేదీ పెట్టుకోగలిగేది, తర్వాత పెద్దగా చూడనక్కరలేనిది అయితే ప్రయాణం చేసి చేయించుకోవచ్చు. శుక్లం, హెర్నియా, పిత్తాశయం రాళ్లు ఈ కోవలోకి వస్తాయి. వీటికైనా సెలవు లెక్క సరిగా వేసుకోవాలి. శుక్లం ఆపరేషన్ తర్వాత చూపు కుదురుకొని, అద్దాల నెంబరు తేలడానికి సుమారు నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. సెలవు మూడు వారాలే ఉంటే, వచ్చిన మొదటి వారంలోనే ఆపరేషన్ జరగాలి, అద్దాలు మాత్రం అక్కడికి వెళ్లాక తీసుకోవాలి.

పంటి ఇంప్లాంట్ల విషయంలో చాలామంది పొరబడతారు. ముందు దవడ ఎముకలో ఒక స్క్రూ అమర్చుతారు. అది ఎముకతో అతుక్కోవడానికి సాధారణంగా మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది. ఆ తర్వాతే పైన పన్ను పెడతారు. అంటే ఎక్కువమందికి రెండు ప్రయాణాలు తప్పవు. రెండో టిక్కెట్టు ఖర్చు కూడా కలుపుకుంటే ఆదా ఎంతో చూసుకోండి.

మోకాలి కీలు మార్పిడి ఇంకో రకం. ఆపరేషన్ ఒక్కరోజు పని. కాలు వంగడం, నడక రావడం ఫిజియోథెరపీ మీద ఆధారపడి ఉంటుంది. అది వారాల తరబడి, ఇష్టం లేకున్నా చేయాలి. ఆపరేషన్ ఇక్కడ చేయించుకొని పది రోజుల్లో వెళ్లిపోతే, అక్కడ ఫిజియోథెరపీకి అయ్యే ఖర్చు ఎవరు పెడతారు? ముందే అడిగి తెలుసుకోవాలి.

స్టెంటు వేయించుకొన్నవారికి మా ప్రత్యేక మనవి. స్టెంటులో రక్తం గడ్డ కట్టకుండా రెండు రకాల మాత్రలు సాధారణంగా ఆరు నెలల నుంచి ఏడాది వరకు ప్రతిరోజు వేసుకోవాలి. తెచ్చుకున్న మాత్రలు అయిపోయాయని గల్ఫ్‌లో మానేసినవారికి స్టెంటు మూసుకుపోయి మళ్లీ గుండెపోటు రావచ్చు, ప్రాణమే పోవచ్చు. ఆ మాత్రలు అక్కడ ఏ పేరుతో దొరుకుతాయో, ఎంతవుతాయో వెళ్లేముందే కనుక్కోండి. డాక్టరు ఆపమనేదాకా ఒక్కరోజు కూడా మానవద్దు.

కాన్సర్ వైద్యం మూడు వారాల పని కాదు. కీమోథెరపీ నెలల తరబడి జరుగుతుంది. దానికి రావాలంటే ఉద్యోగం, నివాసం, కుటుంబం అన్నీ ఆలోచించి రావాలి. యు.ఏ.ఈ., కువైట్ వంటి దేశాలలో సాధారణంగా ఆరు నెలలకు మించి బయట ఉంటే నివాస పర్మిట్ పోతుంది. కంపెనీ నుంచి కాగితం మీద సెలవు తీసుకొని రావాలి.

ఇక్కడ కుటుంబం రేషన్ కార్డులో పేరు ఉన్నవారు ప్రభుత్వ పథకం కింద వైద్యం దొరుకుతుందేమో కూడా విచారించండి. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఆరోగ్యశ్రీ తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీగా, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవగా ఉన్నది. ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను అడిగితే వివరాలు చెబుతారు.

ధర అడిగేటప్పుడు

"ప్యాకేజీ" అన్న మాట విని ఊరుకోవద్దు. అందులో ఏమేమి ఉన్నాయో కాగితం మీద రాయించుకోండి. ఆపరేషన్‌కు ముందు పరీక్షలు, మత్తు డాక్టరు ఫీజు, ఇంప్లాంటు లేదా లెన్సు ఏ రకం, ఐ.సి.యు.లో ఎన్ని రోజులు, మందులు, రక్తం, డిశ్చార్జి తర్వాత చూపించుకునే ఫీజు అందులో ఉన్నాయా? గాయం చీము పడితే, రెండోసారి థియేటర్‌లోకి తీసుకెళ్లవలసి వస్తే ఆ ఖర్చు ఎవరిది? ఈ చివరి ప్రశ్నే ముఖ్యమైనది. చాలామంది దీనినే అడగరు.

ఆ తర్వాత మీ లెక్క మీరు వేసుకోండి. ఇద్దరి విమాన టిక్కెట్లు, తోడుగా వచ్చినవారి పని దినాల నష్టం, ఆస్పత్రి దగ్గర అద్దె గది, భోజనం, మళ్లీ రావలసి వస్తే ఇంకో టిక్కెట్టు ఇందులో ఉండాలి. దీనికి తోడు, అనుకోని చిక్కు వస్తే వాడుకోవడానికి కొంత సొమ్ము పక్కన పెట్టాలి. మామూలు ప్రయాణ బీమా ముందుగా అనుకొని చేయించుకొనే వైద్యానికి సాధారణంగా వర్తించదు. అమెరికా మెడికేర్ కూడా బయట దేశంలో చేయించుకున్న వైద్యానికి, కొద్ది సందర్భాలలో తప్ప, డబ్బు ఇవ్వదు. మధ్యవర్తులు ఆస్పత్రి నుంచి కమీషన్ తీసుకుంటారు. వారు చూపించిన ఆస్పత్రిలోనే చేయించుకోవాలన్న నిబంధన ఏదీ లేదు. మీరే నేరుగా ఆస్పత్రితో మాట్లాడవచ్చు.

ఆస్పత్రికి మన దేశంలో ఎన్.ఎ.బి.హెచ్. గుర్తింపు ఉందా, డాక్టరు ఈ ఆపరేషన్ ఏడాదికి ఎన్ని చేస్తారు అని అడగడానికి మొహమాటపడవద్దు. మంచి డాక్టరు ఈ ప్రశ్నకు కోపగించుకోరు.

విమానం ఎక్కేది ఎప్పుడు?

ఆపరేషన్ అయ్యాక తొందరపడి విమానం ఎక్కడం ప్రమాదం. దీనికి రెండు కారణాలు.

ఒకటి, గాలి పీడనం. విమానం లోపల గాలి ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల ఎత్తయిన కొండ మీద ఉన్నట్టు పలుచగా ఉంటుంది. శరీరంలో ఎక్కడైనా గాలి చిక్కుకొని ఉంటే అది వ్యాకోచిస్తుంది. పొట్ట, ఛాతీ ఆపరేషన్ల తర్వాత కనీసం పది రోజులు విమానం ఎక్కవద్దని అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సి.డి.సి. సలహా ఇస్తున్నది. కంటి రెటీనా ఆపరేషన్‌లో కంటిలోపల గ్యాసు నింపితే, అది పూర్తిగా పోయేదాకా విమానం అసలు ఎక్కకూడదు. గ్యాసు రకాన్ని బట్టి దానికి రెండు వారాల నుంచి రెండు నెలల దాకా పడుతుంది. ఎక్కితే కంటిలో ఒత్తిడి పెరిగి చూపు పోవచ్చు.

రెండు, కాళ్లలో రక్తం గడ్డ కట్టడం. ఆపరేషన్ తర్వాత రక్తం గడ్డకట్టే గుణం సహజంగా పెరుగుతుంది. దానికి తోడు పదిహేను గంటలు కాళ్లు కదపకుండా కూర్చుంటే పిక్క నరంలో గడ్డ ఏర్పడవచ్చు. అది జారి ఊపిరితిత్తులకు చేరితే ప్రాణం మీదికి వస్తుంది. మోకాలు, తుంటి కీళ్లు మార్పించుకున్నవారికి ఈ ప్రమాదం ఎక్కువ. ఎన్ని వారాలు ఆగాలో మీ సర్జన్‌తో చెప్పించుకొని, ఆ తర్వాతి తేదీకే తిరుగు టిక్కెట్టు తీసుకోండి. ప్రయాణంలో నీళ్లు బాగా తాగండి, గంటకోసారి లేచి నడవండి, పాదాలు ఆడిస్తూ ఉండండి. ఒక కాలు వాచి నొప్పి చేసినా, హఠాత్తుగా ఆయాసం వచ్చినా వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.

వెంట వచ్చే సూక్ష్మజీవులు

ఆస్పత్రులలో మందులకు లొంగని సూక్ష్మజీవులు ఉంటాయి. రోగితోపాటు అవి కూడా దేశం దాటుతాయి. 2008లో స్వీడన్‌లో ఒక రోగిలో ఇటువంటి సూక్ష్మజీవిని గుర్తించారు. ఆయన అంతకుముందు ఢిల్లీలో ఆస్పత్రిలో ఉన్నారు. మందులకు లొంగకుండా చేసే ఆ ఎంజైముకు ఎన్.డి.ఎం.-1 అని పేరు పెట్టారు. అందులో మన రాజధాని పేరు చేర్చినందుకు 2010లో మన దేశంలో చాలా అభ్యంతరం వచ్చింది. పేరు సంగతి ఎలా ఉన్నా, సమస్య నిజమైనదే.

ఇది మన దేశానికే పరిమితం కాదు. 2013, 2014 సంవత్సరాలలో డొమినికన్ రిపబ్లిక్‌లో అందం కోసం ఆపరేషన్లు చేయించుకొని వెళ్లిన అమెరికా స్త్రీలకు క్షయ జాతికి దగ్గరి సూక్ష్మజీవి వల్ల గాయాలు నెలల తరబడి మానలేదు. 2023లో మెక్సికోలోని మటమోరోస్‌లో వెన్నులో మత్తు ఇచ్చినప్పుడు ఫంగస్ చేరి, మెదడు పొరల వాపుతో అమెరికా రోగులు పదిమందికి పైగా చనిపోయారు. వారు వెళ్లినది ప్రాణాపాయ జబ్బులకు కాదు, ఎక్కువమంది కొవ్వు తీయించుకోవడం వంటి వాటికే వెళ్లారు.

అందుచేత తిరిగి వెళ్లాక జ్వరం వచ్చినా, గాయం ఎర్రబడినా, తలనొప్పి తగ్గకపోయినా అక్కడి డాక్టరుకు "నేను ఫలానా దేశంలో, ఫలానా తేదీన ఆపరేషన్ చేయించుకున్నాను" అని తప్పకుండా చెప్పాలి. తిడతారేమోనని దాచవద్దు. ఏ పరీక్ష చేయాలన్నది ఆ ఒక్క మాటతోనే తేలుతుంది.

కిడ్నీ విషయంలో చట్టం

కిడ్నీ మార్పిడి కోసం దేశం దాటేవారిని, దాటించేవారిని ఉద్దేశించి ఈ మాట రాస్తున్నాము. మన దేశంలో 1994లో అవయవ మార్పిడి చట్టం వచ్చింది. 2011లో దానిని సవరించారు. అవయవాన్ని అమ్మడం, కొనడం రెండూ నేరాలే. ఐదు నుంచి పదేళ్ల జైలు, 20 లక్షల నుంచి కోటి రూపాయల జరిమానా పడవచ్చు. విదేశీ రోగికి బతికి ఉన్న భారతీయుడు కిడ్నీ ఇవ్వాలంటే ఆ ఇద్దరూ దగ్గరి బంధువులై ఉండాలి, కమిటీ అనుమతి కూడా కావాలి.

2016లో నల్లగొండ పోలీసులు ఒక ముఠాను పట్టుకున్నారు. అప్పుల్లో ఉన్న యువకులను కొలంబోకు తీసుకెళ్లి కిడ్నీలు ఇప్పించారన్నది కేసు. అదే నెలలో శ్రీలంక ప్రభుత్వం విదేశీయులకు కిడ్నీ మార్పిడులు ఆపివేసింది. ఒకరికి చవకగా దొరికిన వైద్యానికి మరొకరు తమ ఒంటితో వెల కడుతున్నారంటే, దానిని వైద్యమని మేము అనలేము. మీ పిల్లలకు ఎవరైనా పాస్‌పోర్టు, విమాన టిక్కెట్టు, లక్షల రూపాయలు చూపించి "ఒక కిడ్నీతో బతకవచ్చు" అని చెబితే వెంటనే పోలీసులకు తెలియజేయండి.

మధ్యలో తలుపు మూసుకుంటే

దేశం దాటి చేయించుకొనే వైద్యం రెండు ప్రభుత్వాల దయ మీద కూడా ఆధారపడి ఉంటుంది. 2003 జూలైలో లాహోర్ నుంచి రెండున్నరేళ్ల పాపను తల్లిదండ్రులు బస్సులో తీసుకువచ్చి బెంగళూరులో గుండె ఆపరేషన్ చేయించారు. రెండు దేశాల ప్రజలూ ఆ పాప కోసం ఆదుర్దాపడ్డారు. 2025 ఏప్రిల్‌లో పహల్గాం దాడి తర్వాత పాకిస్తానీయుల వీసాలు రద్దయ్యాయి. మెడికల్ వీసాలకు 29వ తేదీ దాకా గడువిచ్చారు. గుండె ఆపరేషన్ కోసం పిల్లలను తెచ్చిన ఒక కుటుంబం అది జరగకుండానే తిరిగి వెళ్లవలసి వచ్చింది. 2024 ఆగస్టులో బంగ్లాదేశ్‌లో ప్రభుత్వం మారాక అక్కడివారికి మన వీసాలు బాగా తగ్గాయి. 2025 మార్చిలో అక్కడి రోగుల మొదటి బృందం చైనాలోని కున్‌మింగ్‌కు వెళ్లింది. 2020 మార్చిలో కరోనా వల్ల విమానాలే ఆగిపోయిన సంగతి మనందరికీ గుర్తుంది.

కాబట్టి ఆగిపోతే నష్టం కలిగే దీర్ఘకాల వైద్యాన్ని, వీలైనంతవరకు మీరు నివసించే చోటనే పెట్టుకోండి. తప్పనిసరైతే అక్కడ ఒక డాక్టరును ముందే చూసి ఉంచుకోండి.

వెంట ఉండవలసిన కాగితాలు

- డిశ్చార్జి సమ్మరీ ఇంగ్లీషులో, సంతకం, ముద్రతో. ఆపరేషన్ నోట్సు కాపీ.
- స్టెంటు, కీలు, లెన్సు ఏది పెట్టినా దాని స్టిక్కరు ఉన్న కార్డు.
- ఎక్స్‌రేలు, స్కానింగుల సి.డి.లు. రిపోర్టు కాగితం ఒక్కటే చాలదు.
- గడ్డ తీసి పరీక్షకు పంపితే ఆ రిపోర్టు. కాన్సర్ అయితే స్లైడ్లు, బ్లాకులు కూడా అడిగి తీసుకోండి.
- మందుల చీటీ. బ్రాండ్ పేరుతోపాటు మందు అసలు పేరు రాయించుకోండి. బ్రాండ్లు దేశాన్ని బట్టి మారతాయి.
- ఆపరేషన్ చేసిన డాక్టరును తిరిగి సంప్రదించే మార్గం.

ఇందులో మందుల గురించి ఒక హెచ్చరిక. ట్రమడాల్, కోడీన్, అల్ప్రజోలం, డయజిపాం వంటి మందులు గల్ఫ్ దేశాలలో కఠినమైన నియంత్రణలో ఉన్నాయి. చీటీ, ముందస్తు అనుమతి లేకుండా తీసుకెళితే విమానాశ్రయంలోనే అరెస్టు కావచ్చు. పొరుగువారు "మా అబ్బాయికి ఈ మాత్రలు ఇవ్వండి" అని పొట్లం ఇస్తే, అందులో ఏముందో తెలియకుండా పట్టుకెళ్లవద్దు.

చివరిగా

మీ బంధువులెవరైనా వైద్యం కోసం ఇక్కడికి రావాలనుకుంటే, టిక్కెట్టు కొనకముందే వారి రిపోర్టులు పంపించమనండి. వాటిని మీ డాక్టరుకు చూపించండి. ఎన్ని రోజులు పడుతుంది, మొత్తం ఎంతవుతుంది, తర్వాత అక్కడ ఎవరు చూస్తారు, చిక్కు వస్తే ఏమి చేయాలి అనే నాలుగు ప్రశ్నలకు జవాబులు ఒక కాగితం మీద రాసుకోండి. నాలుగింటికీ జవాబు దొరికితే ధైర్యంగా రమ్మనండి. ఏ ఒక్కదానికి దొరకకపోయినా, ఇంకొంత విచారించాకనే బయలుదేరమనండి. మా ఓ.పి.కి వచ్చి అడిగితే ఆ కాగితం రాసుకోవడంలో మేము సాయం చేస్తాము.